టామ్ వాయించాడు, లెక్క ఎవరు రాశారు?

పియానో ముందు కూర్చునే ముందు ఆ కుర్రాడు తనను తానే పరిచయం చేసుకునేవాడు. 'నేను' అనేవాడు కాదు, 'టామ్ ఇప్పుడు ఫలానాది వాయిస్తాడు' అనేవాడు. అయిపోయాక జనంతోపాటు తనూ చప్పట్లు కొట్టేవాడు.

గ్రామఫోను ఇంకా పుట్టని అమెరికా అది. కొత్త పాట ఊరూరా పాకాలంటే అచ్చేసిన స్వరాల కాగితమో, ఊళ్లు తిరిగే కళాకారుడో దిక్కు. వాళ్లలో పేరు మోసినవాడు 'బ్లైండ్ టామ్'. అసలు పేరు థామస్ విగిన్స్. 1849లో జార్జియాలో బానిస దంపతులకు పుట్టాడు, పుట్టుకతోనే చూపు లేదు. పసివాడిగానే అతణ్నీ తల్లిదండ్రులనూ బెథ్యూన్ అనే లాయరు కొన్నాడు. టామ్ వాయిస్తే ఒక చేత్తో ఒక పాట, రెండో చేత్తో ఇంకోటి, నోటితో మూడోది! అధ్యక్షుడు బుకానన్ ఎదుట శ్వేతసౌధంలోనూ వాయించాడు.

1943లో మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి రూపురేఖలు ఇచ్చాడు. వాళ్లలో మొదటివాడు డొనాల్డ్ ఏడాది నిండేసరికే చాలా పాటలు శ్రుతి తప్పకుండా పాడేవాడు. తనను 'నువ్వు' అని చెప్పుకునేవాడు. అది చదివితే టామ్ గుర్తుకు రాక మానడు. పోయినవాడికి ఇప్పుడు పరీక్ష చేయలేం కాబట్టి టామ్‌కూ ఆటిజం ఉండేదన్నది ఊహే, కానీ బలమైన ఊహ.

అసలు సంగతి డబ్బు. 1865లో బానిసత్వం పోయింది, టామ్‌కు మాత్రం స్వేచ్ఛ రాలేదు. తన బాగోగులు తాను చూసుకోలేడంటూ కోర్టు అతణ్ని బెథ్యూన్‌కే అప్పగించింది. 1887లో ఆ హక్కు ఆయన కోడలికి మారింది. 1908లో హోబోకెన్‌లో పోయేదాకా సంపాదించింది టామ్, పెట్టె తాళం మాత్రం ఇంకొకరి దగ్గర.

ఆటిజం ఉన్న పిల్లాడు రాగం తీస్తే మనవాళ్లూ వీడియో తీసి 'సరస్వతీ కటాక్షం' అంటారు. ఆ పిల్లల్లో ఎక్కువమందికి అలాంటి విద్యేదీ ఉండదు, మరి వాళ్ల మాటేమిటి? పెద్దయ్యాక ఎవరు చూస్తారన్న ప్రశ్న పాడేవాడికీ, పాడనివాడికీ ఒకటే. మన దేశంలో 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం దీన్ని కొంత పట్టించుకుంది. సంరక్షకుణ్ని నియమించే జిల్లా కమిటీలో కలెక్టరు ఉంటారు. సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఆపైన ఏటా జమాఖర్చులు చూపాలి. ఆ కాగితాలు ఎవరైనా తిప్పి చూస్తున్నారా అని తల్లిదండ్రులు కలెక్టరేట్‌కు వెళ్లి అడగాలి.