దేవుడికైనా విచారణ ఉంది, గైడుకి లేదు

బస్తర్‌లో కేశ్‌కాల్ దగ్గర భంగారామ్ దేవి గుడి ఉంది. ఏటా భాద్రపద మాసంలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తమ గ్రామ దేవుళ్ళని మోసుకుని అక్కడికి వస్తారు. మొక్కు తీర్చుకోవడానికి కాదు, విచారణకి. జ్వరాలు ఆపలేదనో, పంట కాపాడలేదనో దేవుడి మీద ఫిర్యాదు చేస్తారు. నేరం రుజువైతే ఆ దేవుడిని గుడి బయట వెలివేస్తారు. బుద్ధి తెచ్చుకున్నాడని నమ్మకం కుదిరితే మళ్ళీ తీసుకెళతారు.

ఇది మూఢనమ్మకమే. అందులో నాకు ఏ సందేహమూ లేదు. లేని దేవుడికి శిక్ష వేసినా హారతి ఇచ్చినా ఒకటే. కానీ అందులో ఒక తర్కం ఉంది. పని ఒప్పుకున్నవాడు ఫలితం చూపించాలి, చూపించకపోతే నలుగురిలో నిలబడి జవాబు చెప్పాలి. మన యూనివర్శిటీల్లో ఈ మాత్రం ప్రశ్న కూడా అడగడానికి వీల్లేని దేవుడు ఒకడున్నాడు. ఆయన పేరు రీసెర్చ్ గైడ్.

నేను కొంటాలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. శబరి ఒడ్డున, మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉంటుంది మా ఊరు. 2011లో ఒక యూనివర్శిటీలో పి.హెచ్.డి.కి రిజిస్టర్ అయ్యాను. పేరు చెప్పను. చెబితే అది ఒక్కచోటి జబ్బే అనుకుంటారు. అప్పటికే నేను హేతువాద సంఘంలో ఉన్నాను. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను: వడ్డెల మీద నమ్మకం వల్లే దోర్లా ఆదివాసులు జ్వరానికి ఆసుపత్రికి రావడం లేదు. గమనించండి, అది ప్రశ్న కాదు, తీర్పు. పరిశోధన మొదలుపెట్టకముందే నేను తీర్పు రాసేసుకున్నాను. "ఇది నీకు ఎలా తెలుసు?" అని అడగాల్సిన గైడు "బాగుంది, మూడొందల శాంపిల్ తీసుకో" అన్నాడు. అంతే నాకు దొరికిన శిక్షణ.

ప్రశ్నావళి హిందీలో తయారైంది. దోర్లావాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు బాగా కలిసిన కోయ మాట. హిందీ ప్రశ్నని నేనే అక్కడికక్కడ వాళ్ళ మాటలోకి మార్చి అడిగేవాణ్ణి. ఒక్కో ఇంట్లో ఒక్కోలా మార్చేవాణ్ణి. అలా చేస్తే జవాబులని ఒకదానితో ఒకటి పోల్చడానికి ఉండదని నాకు ఎవరూ చెప్పలేదు. "జ్వరం వస్తే వడ్డె దగ్గరికి వెళతారా? అవును, కాదు." ఇదీ నా ప్రశ్న. ఒక ముసలాయన అవునన్నాడు. నేను టిక్కు పెడుతుంటే కాగితంలోకి తొంగి చూసి, "మాత్రలు కూడా మింగుతానని రాసుకోవడానికి ఇందులో చోటు లేదా బాబూ?" అని అడిగాడు. చోటు లేదు.

ఆ రోజు నుంచి ప్రశ్నలు పక్కన పెట్టి ఊరికే మాట్లాడటం మొదలుపెట్టాను. చాలామంది వడ్డె దగ్గరికీ వెళుతున్నారు, మాత్రలూ వేసుకుంటున్నారు. మాత్ర వేసుకోమని చెప్పే వడ్డెలూ ఉన్నారు. ఆసుపత్రికి రాకపోవడానికి వాళ్ళు చెప్పిన కారణాలు వేరు. వానాకాలంలో వాగు దాటలేరు. దాటి వెళితే అక్కడ డాక్టర్ ఉండడు. ఉంటే ఆయన మాట వీళ్ళకి అర్థం కాదు. నమ్మకం కూడా ఒక కారణమే, కానీ నేను అనుకున్నట్టు అదొక్కటే కాదు.

ఈ సంగతి గైడుకి చెప్పాను. "హైపోథిసిస్ తప్పని తేలితే థీసిస్ ఎలా ఇస్తావు? నువ్వు రిజిస్టర్ చేసుకున్న అంశానికి సరిపోయే డేటా తీసుకురా" అన్నాడు. ఒక ఊహ తప్పని తేలడం సైన్సులో ఓటమి కాదు, ఫలితం. ఇది నేను సంఘం సమావేశాల్లో పదిమందికి ఉపన్యాసం చెప్పిన మాట. ప్రొఫెసర్‌కి చెప్పే ధైర్యం లేకపోయింది. ఎందుకంటే సంతకం ఆయనది. గైడుని మార్చుకోవాలన్నా ఆయనే సంతకం పెట్టాలి.

నాతోపాటు చేరిన ఇంకొకాయన నాకంటే తెలివైనవాడు. జగదల్‌పూర్ లాడ్జిలో గది తీసుకుని, నాలుగు రంగుల పెన్నులు కొనుక్కుని, మూడొందల ఫారాలు వారం రోజుల్లో ఆయనే నింపేశాడు. ఆయనకి డాక్టరేట్ వచ్చింది. నేను 2014లో మానేశాను. ఇప్పుడు ఆయన కింద నలుగురు పరిశోధన చేస్తున్నారు.

"రూల్స్ లేవా?" అంటారు. లేకేం! యు.జి.సి. 2009లో ప్రవేశ పరీక్ష, కోర్సు వర్క్ తప్పనిసరి చేసింది. 2016 నిబంధనల్లో ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మించి పి.హెచ్.డి. విద్యార్థులు ఉండకూడదని, ఆరు నెలలకోసారి సలహా కమిటీ ముందు పని చూపించాలని రాసింది. 2022లో మళ్ళీ కొత్త నిబంధనలు వచ్చాయి, ఎం.ఫిల్. పోయింది. ఇవన్నీ మంచివే. కానీ నేను చూసిన కమిటీ సమావేశం అంటే టీ, బిస్కెట్లు, సంతకాలు. గైడు ఎంతమందిని పెట్టుకున్నాడో లెక్క ఉంది. వాళ్ళు రాసినది ఒక్క పేజీ అయినా చదివాడా అని అడిగే లెక్క లేదు.

ఇక డబ్బు. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. వచ్చినవాళ్ళకి 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు. అది రానివాళ్ళకి ఇచ్చే 8,000 కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే పరిమితం. దేశంలోని ఎస్.టి. విద్యార్థులందరికీ కలిపి జాతీయ ఫెలోషిప్పులు ఏడాదికి 750. బస్తర్ యూనివర్శిటీ వచ్చిందే 2008లో. అంతకుముందు ఇక్కడి పిల్లలకి దిక్కు దాదాపు మూడొందల కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పూర్. తన కుటుంబంలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన మురియా పిల్లవాడు ఏ ఫెలోషిప్పూ లేకుండా ఐదారేళ్ళు ఎలా బతకాలి? గ్రిగ్సన్ పుస్తకం 1938లో వచ్చింది, ఎల్విన్ ఘోటుల్ పుస్తకం 1947లో, నందినీ సుందర్ పుస్తకం 1997లో. సుందర్ పుస్తకానికి మూలం అమెరికాలో కొలంబియా యూనివర్శిటీకి ఇచ్చిన సిద్ధాంత వ్యాసం. ముగ్గురూ బయటివాళ్ళే. వాళ్ళు రాయడం తప్పని నేను అనను. ఇక్కడివాడు రాయలేకపోవడానికి తెలివి తక్కువ కాదు, నెల జీతం లేక, చదివి దిద్దే మనిషి లేక అంటున్నాను.

అడవి జిల్లాల్లోనే ఇలా అనుకోకండి. పేరున్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం సంగతి చూడండి. 2008లో సెంథిల్ కుమార్ అనే దళిత పరిశోధక విద్యార్థి అక్కడ చనిపోయాక వేసిన కమిటీ, ఫిజిక్స్‌లో గైడు దొరకని విద్యార్థులందరూ రిజర్వేషన్ వర్గాలవాళ్ళేనని తేల్చింది. 2016 జనవరి 17న చనిపోయిన రోహిత్ వేముల, తనకి ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని చివరి ఉత్తరంలో రాశాడు. కార్ల్ సాగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్న కుర్రాడు అతను. మనవాడు. వాస్తు మీద, బాబాల మీద ఎన్ని సభలు పెట్టాం? పరిశోధక విద్యార్థికి ఫెలోషిప్ నెలనెలా ఇవ్వాలని ఎన్ని పెట్టాం?

మా దగ్గర ఇంకో కష్టం కూడా ఉంది, ప్రాణభయం. నన్ను దారిలో క్యాంపు దగ్గర ఆపితే నా చేతిలో ఉన్నది ఒక పేరా లెటర్. అందులో ఉన్న ఫోన్ నంబర్‌కి చేస్తే ఎవరూ ఎత్తలేదు. రెండో పక్షంవాళ్ళు ఆపినప్పుడు ఆ లెటర్ తీయడానికే భయపడ్డాను. 2016 నవంబర్‌లో ఢిల్లీ యూనివర్శిటీ ప్రొఫెసర్ అయిన నందినీ సుందర్ మీదే సుక్మా జిల్లాలో హత్య కేసు పెట్టారు. 2019లో ఆమె పేరు తీసేశారు. సుప్రీం కోర్టు దాకా వెళ్ళగలిగిన ప్రొఫెసర్‌కే అంతకాలం పట్టింది. కొంటా నుంచి వచ్చిన విద్యార్థికి ఎంతకాలం పడుతుంది? అదే 2016లో కేంబ్రిడ్జ్ పి.హెచ్.డి. విద్యార్థి జూలియో రెజెనీని కైరోలో చంపేశారు. ప్రమాదం ఉన్నచోటికి పంపే యూనివర్శిటీకి ఉన్న బాధ్యత ఎంత అని అక్కడ చర్చ జరిగింది. ఇక్కడ ఆ చర్చ కూడా లేదు.

"మంచి గైడులు లేరా?" అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉన్నారు. నాకు దొరకలేదు, నీకు దొరికాడు. దీన్ని ఏమంటారు? జాతకం అంటారు. విద్యార్థి భవిష్యత్తు అతని అదృష్టం మీద ఆధారపడే పద్ధతిని హేతువాది ఎలా సమర్థిస్తాడు? 2001లో యు.జి.సి. యూనివర్శిటీల్లో జ్యోతిష్యం కోర్సులకి డబ్బిస్తామన్నప్పుడు మన పి.ఎం. భార్గవ గారు కోర్టుకి వెళ్ళారు, 2004లో సుప్రీం కోర్టులో ఓడిపోయారు. ఆ కోర్సుల మీద మనకి కోపం వచ్చింది, సరే. కానీ లాడ్జిలో నింపిన మూడొందల ఫారాలకి, పంచాంగానికి తేడా ఏమిటి? రెండింటిలోనూ జవాబు ముందే ఉంది.

"చదువురాని గిరిజనుల్లో చైతన్యం తేవడం మాని ప్రొఫెసర్లని తిడతావేమిటి?" అని ఇంకొందరు అంటారు. నా ప్రశ్నావళిలో తప్పు పట్టుకున్నది ప్రొఫెసర్ కాదు, చదువురాని ఆ ముసలాయన. శాస్త్రీయ దృక్పథం ఎవరికి నేర్పాలో మీరే చెప్పండి.

నేను అడిగేవి పెద్ద కోరికలేమీ కాదు. ఫెలోషిప్ నెల మొదట్లో రావాలి. గైడుని మార్చుకోవడానికి ఆ గైడు సంతకం అక్కర్లేకుండా చేయాలి. ఏడాదికోసారి విద్యార్థులు గైడు గురించి రాసేది బయటివాళ్ళు చదవాలి. థీసిస్‌తో పాటు నింపిన ఫారాలు, క్షేత్ర నోట్సు పేర్లు తీసేసి పరీక్షకులకి ఇవ్వాలి. ప్రశ్న ముందుగానే జనం మాట్లాడే భాషలో తయారు కావాలి. పరిశోధనకి పంపేవాడు ఫోన్ ఎత్తాలి.

భంగారామ్‌లో వెలివేసిన దేవుడికి కూడా మారడానికి అవకాశం ఇస్తారు. గైడులకీ ఇద్దాం. కానీ ముందు విచారణ జరగాలి. కాదనేవాళ్ళు ఆధారాలతో రండి, వాదిద్దాం.