19 అంగుళాల బీరువా

యూనియన్ సంచికకి పాత విద్యార్థి చేత ఒక వ్యాసం రాయించటం మన కాలేజీలో ఆచారం. ఆ వ్యాసంలో మా రోజుల్లో మెస్సు సాంబారు ఎంత పల్చగా వుండేదో రాయటం ఇంకో ఆచారం. రెండోదాన్ని ఈసారికి పక్కనపెట్టి, ప్రస్తుతం కాలేజీలో నడుస్తున్న ఒక తగాదాలో వేలు పెడదామనుకుంటున్నాను. సంపాదకవర్గం వారు కత్తెర వెయ్యరని ఆశ.

తగాదా ఇదీ. సంగీత సంఘానికి ఎలక్ట్రిక్ గిటార్ వాయించటానికి సరైన ఏంప్లిఫయర్ లేదు. కాస్త డబ్బు చేతికొచ్చింది. "కొత్త డిజిటల్ పెట్టె ఒకటి కొనేద్దాం, లోకంలో వున్న ఏంప్లిఫయర్లన్నీ అందులోనే వుంటాయి" అని ఒక పక్షం. "పాత రాక్ సామాను ఒక్కొక్కటే సంపాదించి మనమే కట్టుకుందాం" అని రెండో పక్షం. మొదటి పక్షానికి మెజారిటీ వుంది, రెండో పక్షానికి గొంతు వుంది అని విన్నాను. పాత విద్యార్థికి ఓటు లేదు గానీ, వుంటే నాది రాక్‌కే. కారణం చెప్పకుండా ఓటెయ్యటం మన యూనియన్ సంప్రదాయమే అయినా, నేను మాత్రం చెబుతాను.

రాక్ అంటే తెలియనివారికి ముందు రెండు ముక్కలు. ఇది టెలిఫోను ఎక్స్ఛేంజీల నుంచి వచ్చిన బీరువా. వెడల్పు 19 అంగుళాలు. ఎత్తుని ఒకటి ముప్పాతిక అంగుళాల చొప్పున లెక్కపెడతారు, దాన్ని ఒక యూనిట్ అంటారు. మన ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీలో గోడవారగా నిలబడి వుండేవి అవే. గిటార్ వాళ్ళు అందులో ఏం పెడతారంటే: తీగల నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌కి రంగూ రుచీ ఇచ్చే ప్రీఏంప్, ప్రతిధ్వనీ గదిధ్వనీ కలిపే పెట్టెలు, వాటన్నిటినీ కలిపే మిక్సర్, అడుగున బరువైన పవర్ ఏంప్. బయట స్పీకరు పెట్టెలు. మామూలు ఏంప్లిఫయర్‌లో ఇవన్నీ ఒకే చెక్కపెట్టెలో కాపురం చేస్తాయి. రాక్‌లో వేరుపడ్డ అన్నదమ్ముల్లాగా ఎవరి వాటా వారిదే.

ఈ వేరు కాపురం ముదిరింది అమెరికాలో, లాస్ ఏంజెలెస్ స్టూడియోలలో. అక్కడ స్టీవ్ లూకథర్, మైకేల్ లాండౌ వంటి గిటారిస్టులు ఒక పాటకి శుభ్రమైన నాదం, మరో పాటకి గరగరలాడే నాదం క్షణాల్లో ఇవ్వవలసి వచ్చేది. బాబ్ బ్రాడ్‌షా అనే ఆయన 1980లో కస్టమ్ ఆడియో ఎలక్ట్రానిక్స్ అని సంస్థ పెట్టి, ఇలాంటివారికి రాక్‌లు కట్టిచ్చాడు. ఆయన చేసిన పని చెబితే చాలా చిన్నది. పెట్టెలన్నిటినీ గొలుసుకట్టుగా తగిలించకుండా ఒక్కొక్కదానికి ఒక్కొక్క దారి వేసి, కాలికింద మీట నొక్కితే కావలసినవి మాత్రమే దారిలోకి వచ్చేట్టు చేశాడు. అక్కర్లేని పెట్టె దారిలో లేనే లేదు, కనుక దాని రొదా లేదు. 1983లో మిడి అనే పద్ధతి వచ్చి, ఒక్క తీగ మీద అన్ని పెట్టెలకీ ఒకేసారి ఆజ్ఞ పంపటం సులువైంది. 1987లో ఏడీఏ కంపెనీ ఎంపీ-1 అనే ప్రీఏంప్ తెచ్చింది. లోపల రెండు వాల్వులు, వాటి మీద డిజిటల్ పెత్తనం, 128 అమరికలు గుర్తుపెట్టుకునే శక్తి, అన్నీ ఒక్క యూనిట్ ఎత్తులో. ఎడ్డీ వాన్ హేలెన్ అయితే మూడు వైపుల స్పీకర్లు పెట్టి, నడిమి దాంట్లో గిటార్ ఒంటరిగానూ పక్కవాటిలో ప్రతిధ్వనులూ వినిపించేవాడు.

తరవాత సంగతి మీకు తెలిసిందే. 1991లో నిర్వాణా వారి 'నెవర్‌మైండ్' వచ్చాక బీరువాలు మోసుకు తిరగటం నామోషీ అయిపోయింది. 1998లో లైన్ 6 వారి పాడ్, 2006లో ఫ్రాక్టల్ వారి యాక్స్-ఎఫ్ఎక్స్ వచ్చి, వాల్వు చేసే పనిని లెక్కలతో చెయ్యటం నేర్చాయి. బీరువాలు అటకెక్కాయి.

ఇప్పుడు రాక్ పక్షంవారికి ఒక మాట. "వాల్వు నాదానికి సాటి లేదు" అన్న వాదనతో సభకి వెళ్ళకండి, ఓడిపోతారు. మంచి డిజిటల్ పెట్టెనీ మంచి రాక్‌నీ తెర వెనక వాయిస్తే ప్రతిసారీ తేడా చెప్పగలనని నేనైతే పందెం కాయను. రోజుకో ఊళ్ళో కచేరీ చేసి పొట్టపోసుకునేవాడు డిజిటల్ పెట్టె కొనుక్కోవటమే న్యాయం. వాడి నడుమూ బాగుంటుంది, రైలు ఛార్జీ కూడా మిగులుతుంది. కానీ మనది కచేరీ బృందం కాదు, కాలేజీ. ఇక్కడ నాదం ఎలా వుందన్నది సగం ప్రశ్న. ఎలా వచ్చిందన్నది మిగతా సగం. డిజిటల్ పెట్టె తెర మీద ఏంప్లిఫయర్ బొమ్మ కనిపిస్తుంది, దాన్ని వేలితో తాకితే నాదం మారుతుంది. ఎందుకు మారిందో ఆ పెట్టె చెప్పదు, మనమూ అడగం. రాక్‌లో ఒక్కొక్క జాయింటూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ పోవచ్చు.

నా బీరువా కుదుర్చుకోవటానికి నాకు పట్టిన కాలంలో ఒక డిగ్రీ పూర్తవుతుంది. అందులో సగం కాలం మట్టాల లెక్కకే పోయింది. ఈ లెక్క కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రాక్ కట్టి "బాగాలేదు" అని అమ్మేసుకున్నవారిలో చాలామంది తప్పింది ఇక్కడే. పాత పెట్టెల్లో కొన్ని ఇంటి సామాను మట్టానికి, అంటే మైనస్ 10 డీబీవీకి తయారైనవి. అది సుమారు 0.316 వోల్టు. కొన్ని స్టూడియో మట్టానికి, ప్లస్ 4 డీబీయూకి తయారైనవి. అది సుమారు 1.23 వోల్టులు. దాదాపు నాలుగింతల తేడా. మొదటి రకం దాన్ని రెండోదానికి ఊరికే తగిలిస్తే సిగ్నల్ సోలెడు, రొద కుంచెడు. తిరగేసి తగిలిస్తే పాత డిజిటల్ పెట్టె గొంతు పగిలి చచ్చిన శబ్దం వస్తుంది. చాలా పెట్టెల వెనక దీనికో చిన్న స్విచ్చి వుంటుంది. ముందు వైపు నాబులు తిప్పేవారే గానీ వెనక్కి వెళ్ళి ఆ స్విచ్చి చూసేవారు తక్కువ.

రెండో సంగతి, ప్రతిధ్వని పెట్టెని గిటార్ దారికి అడ్డంగా పెట్టకూడదు. దాన్ని పక్క దారిలో పెట్టి, అందులోంచి ప్రతిధ్వని మాత్రమే రానిచ్చి, మిక్సర్‌లో అసలు నాదంతో కలుపుకోవాలి. అప్పుడు అసలు నాదం చెక్కుచెదరకుండా స్పీకరు దాకా చేరుతుంది.

ఇక నాబులు తిప్పటం. గిటార్ కుర్రాళ్ళందరూ ఒకే వరసలో పోతారు: రాత్రిపూట గదిలో, తలుపేసుకుని, పక్కింటివారికి వినపడనంత చిన్నగా పెట్టుకుని, బాస్సూ ట్రెబులూ పెంచేసి మధ్యస్థాయిని తగ్గించేస్తారు. గదిలో అమృతంలా వుంటుంది. వార్షికోత్సవం రోజున స్టేజీ మీద డ్రమ్సూ బాస్ గిటారూ మొదలయ్యేసరికి గిటార్ వాయించేవాడి వేళ్ళు కదలటం కనిపిస్తుంది, ఏమీ వినిపించదు. మైకు సెట్టువాణ్ణి తిడతారు. ఆ మైకు సెట్టువాడి పాపం ఏమీ లేదు. చిన్న శబ్దంలో మన చెవికి మంద్రమూ తారమూ తక్కువగా వినిపిస్తాయని 1933లోనే బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. కనుక ఎంత శబ్దంలో వాయిస్తారో అంత శబ్దంలోనే కుదుర్చుకోవాలి. పైగా గిటార్ స్పీకరు సుమారు 5 వేల హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. అడుగున బాస్ గిటార్ కూర్చుని వుంటుంది. మిగిలింది మధ్యస్థాయే, గిటార్ ఇల్లు అదే. ఇల్లు కూల్చుకుని స్టేజీ ఎక్కితే ఎలా?

కాబట్టి నా వరస ఇది. ముందు ప్రతిధ్వనులన్నీ ఆపేసి ఒంటరి గిటార్ బాగుందనిపించేదాకా మిగతా జోలికి పోను. గరగర ఎంత కావాలనిపిస్తుందో దానికి కొంచెం తక్కువ పెడతాను, పెద్ద శబ్దంలో అదే నిండుకుంటుంది. తరవాత ప్రతిధ్వని. దానికి చెవి కంటే ముందు కూడికలు చాలు. 60,000ని పాట వేగంతో భాగిస్తే ఒక దెబ్బ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. నిమిషానికి 120 దెబ్బల పాటకి 500. అందులో ముప్పావు, 375, పెడితే ప్రతిధ్వని తాళంలో వాయించే రెండో మనిషిలా వుంటుంది. గదిధ్వని చివర, చిటికెడు.

ఇక్కడే కాలేజీకి, బయటి సంగీతగాడికి లేని ఒక భాగ్యం వుంది. సంగీత సంఘం గదికీ ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీకీ మధ్య ఎంత దూరం? ఒక వేపచెట్టు, ఒక సైకిల్ స్టాండు. ఇన్నేళ్ళలో అటువారు ఇటు, ఇటువారు అటు వచ్చిన పాపాన పోలేదు. ప్రీఏంప్‌కి సిగ్నల్ జనరేటర్ నుంచి వెయ్యి హెర్ట్జ్ అల ఇచ్చి, బయటికొచ్చేదాన్ని ఆసిలోస్కోపు మీద చూడండి. గెయిన్ పెంచుతుంటే అల నెత్తి ఒకవైపు ముందుగా, మెల్లగా వంగుతుంది. ఆ వంపులోంచి పుట్టేవి హార్మోనిక్స్. రెండోది పై షడ్జం, మూడోది దాని మీది పంచమం. తంబూరాలో మనం వినే బంధువులే ఇక్కడ వాల్వులోంచి పుడుతున్నారు. ఈ ఒక్క ప్రయోగం చూసిన సంగీత విద్యార్థి గెయిన్ నాబుని మళ్ళీ గుడ్డిగా తిప్పడు. చూపించిన ఎలక్ట్రానిక్స్ విద్యార్థికి డిస్టార్షన్ అనేది పరీక్షలో తగ్గించవలసిన శాతం మాత్రమే కాదని తెలుస్తుంది.

మన సంగీతానికి దీనితో పనేమిటని అడిగే లెక్చరర్లు వున్నారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఏం చేశారో గుర్తుచేసుకోమని మనవి. మాండలిన్ స్వరం మీటగానే ఆరిపోయే జాతిది, దాని మీద గమకం నిలవదు. ఆయన దానికి అయిదు తీగలు పెట్టి, కరెంటు ఇచ్చి, ఏంప్లిఫయర్‌తో స్వరాన్ని నిలబెట్టి దాని మీద రాగం పలికించారు. ఏంప్లిఫయర్ అంటే అరిపించే యంత్రం కాదు, అదీ వాయిద్యంలో భాగమే.

ఎదురు వాదనలు లేకపోలేదు. బరువు నిజమే, ఎత్తటానికి నలుగురు కావాలి. పాత ప్రతిధ్వని పెట్టెల్లో ప్రత్యేకమైన చిప్పులు పోతే మళ్ళీ దొరకవు, అదీ నిజమే. అందుకని ఆ ఒక్క పెట్టె కొత్తది పెట్టుకున్నా రాక్ మైలపడదు. వాల్వుల బెంగ అక్కర్లేదు, 12ఏఎక్స్7 ఇవాళ్టికీ తయారవుతోంది. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చటం మూడో సంవత్సరం విద్యార్థి చెయ్యగల పని. సాకెట్లూ వైరూ హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళితే దొరుకుతాయి.

కానీ కరెంటు విషయంలో మాత్రం హాస్యాలొద్దు. అమెరికా నుంచి వచ్చిన సామాను సుమారు 117 వోల్టులకి తయారైంది, మన ప్లగ్గులో వున్నది 230. కనుక వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. అది తగినంత పెద్దదై వుండాలి. ఇంకో మెలిక: వాళ్ళది 60 సైకిల్స్, మనది 50. 60కే లెక్క చూసుకుని చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌లో మన దగ్గర అయస్కాంత ప్రవాహం అయిదో వంతు పెరిగి, అది వేడెక్కుతుంది. కొనేముందే వెనక పలక మీద 50/60 అని వుందో లేదో చూడండి. పవర్ ఏంప్ పైన ఒక యూనిట్ ఖాళీ వదిలితే గాలి ఆడుతుంది. స్పీకరు తగిలించకుండా వాల్వు పవర్ ఏంప్‌ని ఎప్పుడూ వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. మూత తీసేవారు, స్విచ్చి ఆపినా లోపలి కెపాసిటర్లలో 400, 500 వోల్టులు దాగి వుంటాయని తెలిసినవారై వుండాలి, పక్కన లెక్చరర్ వుండాలి. అన్నిటికంటే ముఖ్యం, గుంయ్‌మని హమ్ వస్తోందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచెయ్యటం. ఈ వైద్యం మన ఊళ్ళలో చాలా స్టేజీల మీద చూశాను. హమ్ పోతుంది, ఏదో ఒక రోజు ఇనప తీగల మీద చెయ్యీ మైకు మీద పెదవీ వున్న పిల్లవాడు కూడా పోతాడు. రెండు పెట్టెల ఎర్త్‌లు చుట్టలా కలవటం వల్ల వచ్చే హమ్‌కి సిగ్నల్ దారిలో ఒకటికొకటి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుంది. ఎర్త్ జోలికి పోనక్కర్లేదు.

అందుచేత తీర్మానం నెగ్గితే మొట్టమొదట కొనవలసింది ప్రీఏంప్ కాదు, మంచి ట్రాన్స్‌ఫార్మర్. రెండోది స్పీకరు పెట్టె, ఎందుకంటే నాదంలో దాని వాటా అందరూ అనుకునేదాని కంటే ఎక్కువ. ప్రీఏంప్ మూడోది. ప్రతిధ్వని పెట్టెలు వచ్చే ఏడు కార్యవర్గం చూసుకుంటుంది. ఇంకొకటి, పాత ప్రీఏంప్‌లలో అమరికలు గుర్తుంచుకునేది లోపలున్న ఒక చిన్న బిళ్ళ బ్యాటరీ. అది అయిపోయిన రోజున 128 అమరికలూ తుడిచిపెట్టుకు పోతాయి. కాబట్టి కుదిరిన ప్రతి అమరికనీ, ఏ నాబు ఎక్కడుందో, ఏ పాటకో, ఏ తారీఖునో ఒక లాంగ్ నోటుబుక్కులో రాసి, సంగీత సంఘం గదిలో మేకుకి వేలాడదియ్యండి. పెన్సిలుతోనే రాయండి.