ఎత్తిపోసిన నీటికి లెక్క ఉంది

ద్రవ పీడనం పాఠం రాగానే ఆర్కిమెడిస్ తొట్టి, రాజుగారి కిరీటం గుర్తుకు వస్తాయి. కథ మంచిదే. కాని కల్వకుర్తి ప్రాంతపు పిల్లలకు ఆ పాఠం సిరక్యూస్ నగరం నుంచి మొదలుపెట్టనక్కరలేదని నా అభిప్రాయం. మన బావుల్లోనే, మన కాలువల్లోనే అదంతా ఉంది.

వెనకటి మోటబావులను చూడండి. మోట పోయి కరెంటు మోటారు వచ్చినప్పుడు చాలామంది రైతులు దానిని ఒడ్డున పెట్టక, బావిలోపలే అరుగు కట్టి నీటికి దగ్గరగా దించారు. ఎందుకు? పంపు నీటిని పీలుస్తుందని మనం అంటాం గాని, నిజానికి అది గొట్టంలో పీడనాన్ని తగ్గిస్తుంది, అంతే. నీటిని గొట్టంలోకి నెట్టేది బావిమీది వాతావరణం. ఆ పీడనం 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలుపుతుందని 1643లో టారిసెల్లి ప్రయోగం చూపింది. పాదరసం నీటికంటె 13.6 రెట్లు సాంద్రమైనది. కనుక నీరైతే సుమారు 10.3 మీటర్లు. ఎంత పెద్ద మోటారు బిగించినా ఇంతకు మించి పీల్చలేదు. ఆచరణలో 7 మీటర్లు దాటితేనే కష్టం. బోరుబావిలో మోటారును లోతుకు దించేదీ ఇందుకే. అది పీల్చదు, కిందినుంచి నెడుతుంది. నెట్టడానికి ఆ హద్దు లేదు.

మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం ఈ బోరుబావికి పెద్దన్న. శ్రీశైలం జలాశయపు పూర్తి మట్టం 885 అడుగులు, అనగా సుమారు 270 మీటర్లు. మన భూములు అంతకంటె చాలా ఎత్తున ఉన్నాయి. అందుచేత కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో ఒకసారి, జొన్నలబొగుడలో రెండోసారి, గుడిపల్లిగట్టులో మూడోసారి, 30 మెగావాట్ల పంపులతో నీటిని ఎత్తుతారు. మూడూ కలిపి ఇంచుమించు 300 మీటర్లు. ఎల్లూరులో పంపులు నీటిమట్టానికి దిగువన కూర్చున్నాయి. ఆ సౌకర్యంలోనే ప్రమాదమూ ఉంది: దారి దొరికిన నీరు తన మట్టం చేరేదాకా ఆగదు. 2020 అక్టోబరులో ఆ పంపుహౌసు నీట మునిగింది.

ఇక లెక్క. ఘనపు మీటరు నీరు 1,000 కిలోలు. 300 మీటర్లు ఎత్తడానికి 1,000 × 9.8 × 300, అంటే 29,40,000 జౌళ్లు కావాలి. ఒక యూనిట్ కరెంటు 36,00,000 జౌళ్లు. గొట్టాల్లో ఘర్షణ, పంపులో నష్టం కలుపుకొంటే ఘనపు మీటరుకు దాదాపు ఒక యూనిట్. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. వరికి పంటకాలమంతా కలిపి మీటరు లోతు నీరు పెట్టారనుకోండి. ఒక్క ఎకరానికి నాలుగు వేల యూనిట్లు!

నీరు పల్లమెరుగు అంటారు. పల్లమెరిగిన నీటిని మిట్టకు తెచ్చినందుకు చెల్లించే కూలి ఇది. బిల్లు రైతు ఇంటికి రాదు గనుక ఎవరికీ కనబడదు. కాలువ మొదట్లో మడి నిండి రాత్రంతా పొర్లిపోతే చివరి ఊరికి చుక్క రాదు. దానిని తగాదాగా చూస్తాం గాని భౌతికశాస్త్రంగా చూడం. వరి వేయవద్దని నేననడం లేదు. ఈ లెక్క తెలిసి వేయాలంటున్నాను. పదో తరగతి పరీక్షలో కిరీటం ప్రశ్న బదులు ఇదే అడగాలి. ఈలోగా వేరుశనగకు అందులో సగం నీరు చాలుననుకొని, ఎన్ని యూనిట్లు మిగులుతాయో మీరే కట్టి ఇంట్లో పెద్దలకు చూపించండి.