నిపుణులెవరు? తేల్చేదెవరు?

2011లో ఒక జిల్లా సెషన్స్ కోర్టు వరండాలో మూడు రోజులు కూర్చున్నాను. అది వరకట్న వేధింపులకు బలైపోయిన ఒక అమ్మాయి కేసు. "వేధింపే ఉంటే పుట్టింట్లో ఒక్క ముక్కయినా చెప్పదా?" అన్నది ముద్దాయిల తరఫు వాదన. అత్తింటి హింస గురించి స్త్రీలు ఎవరికి చెప్పుకుంటారు, ఎప్పుడు చెప్పుకుంటారు, ఎందుకు దాచుకుంటారు అన్న విషయం మీదే నేను నాలుగేళ్ళు ఊళ్ళు తిరిగి పీహెచ్‌డీ చేశాను. అందుకని నన్ను సాక్షిగా పిలవమని ప్రాసిక్యూటరు అర్జీ పెట్టారు. జడ్జిగారు దాన్ని కొట్టేశారు. "ఇందులో సైన్సేముందమ్మా? ఇవన్నీ లోకానికి తెలిసినవేగా" అన్నారు, కోపంగా కూడా కాదు, నవ్వుతూనే. ఆ తర్వాత వచ్చిన తీర్పులో ఏముందో తెలుసా? ఏ కూతురైనా కష్టం వస్తే ముందు తల్లికే చెప్పుకుంటుందట. ఈమె చెప్పలేదు గనక వేధింపు రుజువు కాలేదట. అందర్నీ వదిలేశారు.

అదే మూడు రోజుల్లో పక్క హాల్లో ఒక అత్యాచారం కేసు నడిచింది. ప్రభుత్వ డాక్టరొకాయన వచ్చి రిపోర్టు చదివి, బాధితురాలు "లైంగిక సంపర్కానికి అలవాటు పడిన మనిషి" అని చెప్పి పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. ఎలా తెలిసింది అని ఎవరూ అడగలేదు. రెండు వేళ్ళతో తెలిసింది. ఆ రెండు వేళ్ళు సైన్సయ్యాయి, నా నాలుగేళ్ళు లోకజ్ఞానమైపోయాయి.

నిపుణుల సాక్ష్యాన్ని కోర్టులు ఎలా అనుమతిస్తాయన్న ప్రశ్న లాయర్లకు మాత్రమే సంబంధించిన సాంకేతిక వ్యవహారమని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. నేనూ ఆ రోజుదాకా అలాగే అనుకున్నాను. ఎవరి జ్ఞానం జ్ఞానమో, ఎవరిది సొదో తేలేది అక్కడే.

1872 నాటి సాక్ష్యాధార చట్టంలో 45వ సెక్షను ఉండేది. సాక్షి తను చూసిందీ విన్నదీ మాత్రమే చెప్పాలి, అభిప్రాయాలు చెప్పకూడదన్న సాధారణ నియమానికి అది మినహాయింపు. విదేశీ చట్టం, శాస్త్రం, కళ, చేతిరాత, వేలిముద్రలు - వీటిలో ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్ళ అభిప్రాయాన్ని కోర్టు వినవచ్చు. నైపుణ్యాన్ని కొలిచేదెలా, వాళ్ళు వాడిన పద్ధతి నిలబడేదో కాదో చూసేదెలా అన్నది మాత్రం సెక్షను చెప్పలేదు. అంతా జడ్జి విచక్షణకూ, క్రాస్ ఎగ్జామినేషనుకూ వదిలేసింది. ఆడవాళ్ళ కేసుల్లో క్రాస్ ఎగ్జామినేషన్ ఎవరికి జరుగుతుందో మనకు తెలుసు. డాక్టరుకు కాదు, ఆమెకు.

జడ్జీలకు అడగడం చేతకాక కాదు. 1999లో హిమాచల్ ప్రదేశ్ ఆపిల్ తోటల కేసొకటి సుప్రీంకోర్టుకొచ్చింది. ఫలానా తోటలో ఎంత కాపు కాస్తుందో లెక్కగట్టిన ఉద్యానశాఖ అధికారికి డిగ్రీ ఉంది. అయినా కాపు అంచనా మీద ప్రత్యేకంగా శాస్త్రీయ అధ్యయనం చెయ్యలేదు గనక ఆయన్ని నిపుణుడిగా ఒప్పుకోనంది కోర్టు. అభిప్రాయం ఒక్కటే పారేస్తే చాలదు, దానికి ఆధారాలూ కారణాలూ మా ముందు పెట్టాలి, తేల్చుకునేది మేము అంది. ఎంత మంచి మాట! ఆపిల్ చెట్టు మీద అభిప్రాయానికి ఉన్న ఈ కట్టుబాటు ఆడదాని ఒంటి మీద అభిప్రాయానికి ఎందుకు లేకపోయింది?

మథుర కేసు గుర్తుందిగా. పోలీస్ స్టేషన్లో అత్యాచారం 1972లో, సుప్రీంకోర్టు పోలీసుల్ని వదిలేసింది 1978లో. ఒంటి మీద గాయాలు లేవు, రెండు వేళ్ళు సులువుగా పట్టాయి అన్న డాక్టరు మాటలు ఆ తీర్పులోకీ ఎక్కాయి. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు - ఉపేంద్ర బక్షీ, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, లతికా సర్కార్ - 1979లో బహిరంగ లేఖ రాసి, లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని నిలదీశారు. వాళ్ళు చెప్పింది ఆ కోర్టులో ఏ సాక్షీ చెప్పలేదు, చెప్పడానికి పిలవలేదు. ఆమె నడవడిక గురించి ముద్దాయి తరఫున ప్రశ్నలు వేసుకోవచ్చన్న 155వ సెక్షను నాలుగో భాగం 2002 సవరణతోగానీ పోలేదు. రెండు వేళ్ళ పరీక్ష గౌరవాన్నీ ఆంతరంగికతనూ భంగపరుస్తుందని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. చెయ్యొద్దని ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలిచ్చింది. 2022 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు మరింత గట్టిగా, దానికి శాస్త్రీయ ఆధారమే లేదనీ, చేసినవాళ్ళు దుష్ప్రవర్తన కింద దోషులేననీ, పాఠ్యాంశాల్లోంచి తీసెయ్యమనీ ఆదేశించింది. (ఆ బెంచిలో ఉన్న జస్టిస్ హిమా కోహ్లీ అంతకుముందు మన తెలంగాణ హైకోర్టుకు మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి.) అయినా 2024లో హిమాచల్ హైకోర్టు ఒక మైనరు బాలికకు ఇదే పరీక్ష చేసినందుకు 5 లక్షల పరిహారం ఇప్పించాల్సి వచ్చింది. శాస్త్రం కానిదాన్ని శాస్త్రం కాదని తేల్చడానికి ఇన్ని దశాబ్దాలా? మొదటి రోజే ఒక జడ్జి "దీనికి ఆధారమేమిటి డాక్టరుగారూ?" అని ఉంటే ఎంతమంది బతుకులు మరోలా ఉండేవి!

ఇంకో నిపుణుడున్నాడు. ఆయన బోనెక్కడు, ప్రమాణం చెయ్యడు, ఆయన్ని ఎవరూ ప్రశ్నించలేరు. స్త్రీ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే జడ్జిగారే ఆ నిపుణుడు. మనిషి సహజ ప్రవర్తనను బట్టి కొన్ని విషయాలను ఊహించుకునే వీలు పాత చట్టం 114వ సెక్షను కోర్టుకిచ్చింది. ఏది సహజం? ఎవరికి సహజం?

ఇక్కడ మనకు నచ్చని మాటొకటి అనాలి. 1983లో భోగిన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు బాధితురాలి మాటకు వేరే ఆధారం అక్కర్లేదంది. మనమంతా చప్పట్లు కొట్టాం. కానీ ఎందుకంది? పాశ్చాత్య స్త్రీ అబద్ధమాడొచ్చు, భారతీయ స్త్రీ సిగ్గు వల్ల, పరువు భయం వల్ల ఆడదు అన్న తర్కం మీద. ఏ అధ్యయనం దానికి ఆధారం? ఫలితం మనకు అనుకూలమని ఊరుకున్నాం. సిగ్గుపడే స్త్రీని నమ్మేవాళ్ళు సిగ్గుపడనిదాన్ని నమ్మరు గదా! 2020లో కర్ణాటక హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో, అత్యాచారం తర్వాత అలసి నిద్రపోవడం భారతీయ స్త్రీకి తగదని రాసింది. గొడవయ్యాక ఆ వాక్యాలు తొలగించింది, బెయిలు మాత్రం అలాగే ఉంది. రెండూ ఒకే చెట్టు కాయలు. బాధితురాలు ఇలాగే ప్రవర్తించాలన్న నియమం లేదని 2023లో సుప్రీంకోర్టు మూసభావాల మీద వేసిన చేతిపుస్తకం చెప్పింది. సంతోషమే. చేతిపుస్తకాన్ని క్రాస్ ఎగ్జామిన్ చెయ్యలేం, తీర్పు రాసేవాళ్ళు దాన్ని చదివారో లేదో అడగనూ లేం.

"లోకానికి తెలిసిందే" అన్న మాటకు 1990లో కెనడా సుప్రీంకోర్టు లవాలీ కేసులో జవాబు చెప్పింది. తనను కొట్టి, చంపుతానని బెదిరించిన మనిషి గదిలోంచి వెళ్తుంటే వెనక నుంచి కాల్చిన స్త్రీ కేసది. అంత హింస ఉంటే ముందే ఎందుకు వదిలిపోలేదు అన్నది అందరి ప్రశ్న. దీనికి సమాధానం తమకు తెలుసని మామూలు మనుషులు అనుకుంటారు గనకే, ఆ అనుకోవడం తప్పు గనకే నిపుణుల సాక్ష్యం కావాలి అని జస్టిస్ బెర్తా విల్సన్ రాశారు. నా జడ్జిగారి తర్కానికి ఇది సరిగ్గా తలకిందులు. అయితే ఆ దారిలోనూ ఒక గుంట ఉంది. ఆమె మాట వినాలంటే ఆమెకొక మానసిక రోగం పేరు పెట్టాల్సి వస్తుంది. 1992లో ఇంగ్లండులో కిరణ్‌జిత్ అహ్లువాలియా విడుదలకు దారి తీసింది ఆమె డిప్రెషన్ గురించిన వైద్య సాక్ష్యమే. పదేళ్ళ దెబ్బల కథ ఒక్కటే సరిపోలేదు.

అమెరికాలోలా జడ్జినే వాకిట్లో కాపలా పెడదామని కొందరు లాయరు మిత్రులంటున్నారు. 1993 నాటి డాబర్ట్ తీర్పు ప్రకారం పద్ధతిని పరీక్షించారా, సాటివాళ్ళు సమీక్షించారా, తప్పుల శాతమెంత అని జడ్జి ముందే చూడాలి. ప్రశ్నలు మంచివే. కానీ ఆ కేసు గర్భిణుల వాంతులకిచ్చిన మందు గురించి. కాపలా కట్టుదిట్టమైతే ముందుగా గేటు బయట నిలబడేది ఖరీదైన అధ్యయనాలు చేయించుకోలేని పక్షమే. మనకు కావలసింది ఆ కొలబద్దనే తెచ్చి పెట్టుకోవడం కాదు, డాక్టరుకీ జడ్జిగారి ఊహకీ నాకూ ఒకటే ప్రశ్న వేయడం: నీకెలా తెలుసు?

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షనులో, శాస్త్రం, కళ అన్న మాటల పక్కన "మరే ఇతర రంగమైనా" అన్న మాట కొత్తగా చేరింది. కొత్త చట్టాల మీద మనకు చాలా అభ్యంతరాలున్నాయి, ఉండనీండి. ఈ మాటను మాత్రం వదలకూడదు. "ఇందులో సైన్సేముందమ్మా" అన్న కారణంతో ఇక అర్జీ కొట్టేయడం కుదరదు. కొట్టేస్తే వేరే కారణం చెప్పాలి, రాతపూర్వకంగా చెప్పాలి, దాని మీద మనం పైకోర్టుకు పోవాలి. ఇంతవరకూ ఎంతమంది ప్రాసిక్యూటర్లను మనం ఈ అర్జీ పెట్టమని అడిగాం? కోర్టులను తిట్టడంలో చూపిన శ్రద్ధ ఇందులో చూపలేదని ఒప్పుకుంటే తప్పులేదు.

పరిశోధకులకు కూడా ఒక మాట. బోనెక్కితే మననీ అడుగుతారు: ఎంతమందితో మాట్లాడారు, ఎలా ఎంచుకున్నారు, మీ ఊహకు అడ్డం వచ్చినవాళ్ళను ఏం చేశారు అని. నా థీసిస్‌లోనే తల్లికి అన్నీ చెప్పుకున్న స్త్రీలున్నారు. వాళ్ళను దాచకుండా చెప్పగలిగితేనే నేను నిపుణురాలిని.

అర్జీ నమూనా ఒకటి తెలుగులో రాసి పెట్టాం. జిల్లాల్లో పనిచేసే మిత్రులు మీ దగ్గరున్న మెడికల్ రిపోర్టుల నకళ్ళు, బాధితురాలి పేరూ ఊరూ కొట్టేసి, సంపాదకవర్గానికి పంపండి. 2022 తర్వాతవైతే తప్పకుండా పంపండి. వాటిలో "అలవాటు పడిన" అన్న మాట ఇంకా ఎక్కడెక్కడ ఉందో చూడాలి.