డేటా అక్కడ.. దుకాణం ఇక్కడ!
రాయదుర్గంలో సదస్సుల సందడి.. రహమత్‌నగర్ గడప తొక్కని నిపుణులు

జూబ్లీహిల్స్, ప్రత్యేక ప్రతినిధి: అమీర్‌పేటలో మెట్రో రైలెక్కితే రెండో స్టేషను యూసుఫ్‌గూడ. అక్కడ దిగి కాస్త లోపలికి నడిస్తే రహమత్‌నగర్. దిగకుండా కూర్చుంటే హైటెక్‌సిటీ, దాని తరువాత రాయదుర్గం. బిగ్ డేటా విద్యను అమీర్‌పేటలో నేర్పుతారు. ఆ విద్యకు రాయదుర్గం పరిసరాల్లో జీతాలిస్తారు. నడుమనున్న రహమత్‌నగర్‌లో, దానిని ఆనుకున్న కృష్ణానగర్, కార్మికనగర్‌లలో ఆ విద్య అవసరమైన వ్యాపారాలు వీధికి పది కనిపిస్తాయి. కిరాణా కొట్లు, టిఫిన్ సెంటర్లు, దర్జీ దుకాణాలు, చిత్రీకరణలకు దుస్తులు, సామగ్రి అద్దెకిచ్చేవారు.. వీరందరికీ రేపు ఎంత సరకు తెప్పించాలో, ఎవరికి ఎంత అప్పు పెట్టాలో తేల్చుకోవడం నిత్య సమస్యే. అమీర్‌పేట, హైటెక్‌సిటీల మధ్య రైలు 2019 మార్చి 20న మొదలైంది. ఆ మార్గంలో రోజూ ప్రయాణించే డేటా నిపుణుడికీ, కిటికీలోంచి కనిపించే దుకాణదారుడికీ పరిచయమైతే నేటికీ కలగలేదు.

పరిచయాలు కలిపే వేదికలకు నగరంలో కొరత ఉందనుకుంటే పొరపాటే. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థల సంఘం హైసియా 1991 నుంచి పనిచేస్తోంది. 1992లో అమెరికాలోని సిలికాన్ వ్యాలీలో పుట్టిన ‘టై’ సంస్థకు ఇక్కడ శాఖ ఉంది. 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో టీ-హబ్ ఆరంభమైంది. 2022 జూన్ 28న రాయదుర్గంలోని విశాల భవనంలోకి మారింది. మహిళా పారిశ్రామికవేత్తల కోసం 2018లో వీ-హబ్ వచ్చింది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు, 2018 ఫిబ్రవరిలో ప్రపంచ ఐటీ మహాసభకు, 2024 సెప్టెంబరులో అంతర్జాతీయ కృత్రిమ మేధ సదస్సుకు ఈ నగరమే ఆతిథ్యమిచ్చింది. ఇవన్నీ ఘనమైనవే. వాటి ద్వారం వద్ద నిలబడి లోపలికి వెళ్లేవారిని లెక్కిస్తే యూసుఫ్‌గూడ వ్యాపారి ఎంతమందికి ఒకరుగా తేలతాడన్నదే ప్రశ్న.

సమావేశం సాగే తీరిదీ..
వారాంతాల్లో జరిగే చిన్న సమావేశాల సంగతి వేరు. ఒకే ఆసక్తి గలవారు అంతర్జాలం ద్వారా తేదీ కుదుర్చుకొని ఒకచోట చేరే పద్ధతిని 2002లో న్యూయార్క్‌లో మొదలైన ‘మీటప్’ సంస్థ ప్రాచుర్యంలోకి తెచ్చింది. 2006లో హడూప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వెలుగులోకి వచ్చింది. ఒక్క భారీ కంప్యూటరుకు బదులు వందల మామూలు కంప్యూటర్లకు లెక్కను పంచి చేయించడం దీని కిటుకు. రూపకర్త కుమారుడి ఏనుగు బొమ్మ పేరే దీనికి పెట్టారు. ఆ ఏనుగు అమీర్‌పేట మైత్రీవనం గోడల దాకా నడిచొచ్చింది. హడూప్ బోర్డులు పోయి డేటా సైన్స్ బోర్డులు, అవి పోయి కృత్రిమ మేధ బోర్డులు వెలిశాయి. శిక్షణ పొందినవారు కలుసుకునేందుకు నగరంలో బృందాలూ పుట్టాయి.

ఏదో ఒక సంస్థ తన సమావేశ మందిరాన్ని ఉచితంగా ఇస్తుంది. ఒకరిద్దరు ఆంగ్లంలో ప్రసంగిస్తారు. తెరపై చిత్రపటాలు మారుతుంటాయి. ఆపై తేనీరు, పరిచయాలు, ఫోన్ నంబర్ల మార్పిడి. వచ్చినవారిలో ఉద్యోగం మారాలనుకునేవారు కొందరు, మనుషులను నియమించుకోవాలనుకునేవారు మరికొందరు. తమ సరకు అమ్ముకునే సాఫ్ట్‌వేర్ విక్రేతలకూ లోటుండదు. ‘వ్యాపార నిపుణులు’ అని ఆహ్వానంలో రాసినా ఆ పేరుతో వచ్చేది పెద్ద సంస్థల నిర్వాహకులే. సొంత గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు అరుదు.

అతడు రాకపోవడానికి కారణాలు వెదకనక్కరలేదు. శని, ఆదివారాలే అతడికి గిరాకీ. కొట్టు వదిలి రాలేడు. ప్రసంగ భాష అతడిది కాదు. వచ్చినా, లెక్కల పుస్తకం కొత్తవారి ముందు విప్పేందుకు జంకుతాడు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ జంకు మరింత పెరిగింది. అన్నిటికంటే బలమైన కారణం మరొకటుంది. అతడి వ్యాపార సమాచారం అతడి చేతిలోనే లేదు. కొట్టు ముందు అతికించిన క్యూఆర్ కోడ్‌పై పడే ప్రతి రూపాయి లెక్కా చెల్లింపుల సంస్థల వద్ద పోగవుతోంది. ఏ గంటలో గిరాకీ ఎక్కువో, ఏ వారం పడిపోయిందో వారికి తెలుసు. ఆ చరిత్రను చూపే అప్పు ఇస్తామంటూ అతడి ఫోనుకు సందేశాలు వస్తున్నాయి. ఇంటింటికీ ఆహారం చేరవేసే సంస్థల వద్ద టిఫిన్ సెంటర్ల పరిస్థితీ ఇదే. బిగ్ డేటా రహమత్‌నగర్‌కు రాలేదనడం ఆ లెక్కన సరికాదు. అది ఎప్పుడో వచ్చింది, దుకాణదారుడి తరఫున మాట్లాడే నిపుణుడే వెంట రాలేదు.

ఖమ్మం మిర్చి రైతు కథ
నిపుణుడు, అవసరమున్నవాడు నిజంగా కలిస్తే ఏమవుతుందో చూడాలంటే ఖమ్మం వెళ్లాలి. ప్రపంచ ఆర్థిక వేదిక సహకారంతో రాష్ట్ర ప్రభుత్వం అక్కడ ‘సాగు బాగు’ పేరిట దాదాపు 7 వేల మంది మిర్చి రైతులతో ప్రయోగం నడిపింది. భూసార పరీక్షలు, పంట నాణ్యత పరీక్షలు, తెలుగులో ఫోనుకే చేరే సలహాలు ఇందులో భాగం. ఎకరాకు దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గాయని ఆ వేదిక ప్రకటించింది. అవి నిర్వాహకులే చెప్పిన లెక్కలన్నది గుర్తుంచుకున్నా, రైతును సదస్సుకు పిలవకుండా సలహానే పొలానికి పంపిన పద్ధతి గమనించదగినది. 2023 ఆగస్టులో వ్యవసాయ సమాచార మార్పిడి వేదికను, 2025 జులైలో టీజీడెక్స్ పేరిట రాష్ట్ర డేటా ఎక్స్ఛేంజీని ప్రారంభించారు. పట్టణ చిల్లర వ్యాపారికి ఖమ్మం తరహా ప్రయోగం మన కంటబడలేదు.

కలవకపోతే ఏమవుతుందో కూడా తెలంగాణకు అనుభవమే. 2014 తరువాత కంప్యూటర్ వడపోతలో రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేకుండా తొలగించారన్న ఫిర్యాదుపై క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. పేర్లు కలిసినంత మాత్రాన పేదవాడు కారు యజమాని కాడని బస్తీలో ఎవరిని అడిగినా చెప్పేవారు. అడిగే ఏర్పాటే లేకపోయింది. రేషన్ కార్డే ఆధారమైన కుటుంబాలు రహమత్‌నగర్ వంటి బస్తీల్లో ఎన్నో ఉన్నందున ఇది ఇక్కడివారికి దూరపు వార్త కాదు.

ఫిలింనగర్‌లో మరో తంతు
కూతవేటు దూరంలోని ఫిలింనగర్‌లో సమాచారానికి కొదవ లేదు, నమ్మకానికే కొదవ. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, నెల్లూరు అంటూ ప్రాంతాలవారీగా పంపిణీ, థియేటరు నుంచి రోజూ వచ్చే డీసీఆర్, గ్రాస్, షేర్ లెక్కలు.. ఇంత పద్ధతిగా అంకెలు నమోదయ్యే రంగం అరుదు. పోస్టరుపై వేసే వసూళ్లు ఒకటి, పంపిణీదారుడి ఖాతాలో తేలేది మరొకటి అని పరిశ్రమలోనివారికే తెలుసు. టికెట్లన్నీ తన పోర్టల్ ద్వారానే అమ్మాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో చట్టం సవరించగా, 2022 జులైలో హైకోర్టు స్టే ఇచ్చింది. టికెట్ ధరల వివాదంగా అది ప్రచారం పొందినా, లెక్క ఎవరి చేతిలో ఉండాలన్న పోరు కూడా అందులో ఇమిడి ఉంది. ఇలాంటి చోట నిపుణుడు తెచ్చే పరిజ్ఞానం కంటే, ఇరుపక్షాలూ ఒప్పుకొనే లెక్క ముందు కావాలి.

మరి చేయదగినదేమిటి? దానికి కొత్త భవనాలు అక్కరలేదు. చిన్న పరిశ్రమల కోసమే 1960లో ఢిల్లీలో ఏర్పాటై, 1962లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ సంస్థ ఎన్ఐ-ఎంఎస్ఎంఈ యూసుఫ్‌గూడలోనే ఉంది. రాయదుర్గంలో జరిగే సమావేశాల్లో నెలకొకటి ఇక్కడ పెట్టవచ్చు. గిరాకీ తక్కువగా ఉండే మంగళవారం మధ్యాహ్నమో, బుధవారమో తెలుగులోనూ, ఉర్దూలోనూ జరపవచ్చు. ప్రసంగాలు మాని, ఒక బల్లకు ఒక దుకాణం, ఒక ప్రశ్న, ఒక నిపుణుడు చొప్పున కూర్చోబెట్టవచ్చు. మూడు నెలల కొనుగోలు బిల్లులు, ఫోనులోని చెల్లింపుల జాబితా దగ్గర పెట్టుకుంటే ఏ సరకు కొట్టులో మగ్గుతోందో చెప్పడానికి హడూప్ అవసరమే ఉండదు. అమీర్‌పేటలో శిక్షణ ముగించి, చూపించడానికి అనుభవం లేక తిరుగుతున్న యువతకు ఇదే తొలి అనుభవం కాగలదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. కొనుగోలుదారుల పేర్లు, ఫోన్ నంబర్లు ఆ లెక్కలతో పాటే బల్ల మీదకు వస్తాయి. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలను 2025 నవంబరులో నోటిఫై చేస్తూ ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. సమాచారాన్ని కాపాడలేకపోతే రూ.250 కోట్ల వరకు జరిమానా విధించే వీలుంది. ఈ చట్టం తనకూ వర్తించవచ్చునని అరువు ఖాతా పుస్తకాన్ని ఫోనులోకి మార్చుకున్న కిరాణా వ్యాపారికి చెప్పినవారు లేరు. యూసుఫ్‌గూడలో తొలి సమావేశమంటూ జరిగితే మొదటి బల్లపై ఈ విషయమే ఉండాలి.