పసుపు గుర్తు చాలలేదు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని పాతతరం తెలుగువారికి గార్డెన్ రీచ్ అంటే ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా వేరే జోన్ వచ్చేదాకా పెద్ద నిర్ణయాలన్నీ కలకత్తాలోని ఆ పేట నుంచే రావాలి. 1971లో హుగ్లీ ఒడ్డున అదే గార్డెన్ రీచ్‌లో రైల్వేతో సంబంధం లేని పని ఒకటి జరిగింది. కలకత్తా పోర్టు ట్రస్టుకు చెందిన రెండు మామూలు మోటారు పడవలకు 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకులు బిగించి యుద్ధనౌకలుగా మార్చారు. వాటి పేర్లు పద్మ, పలాశ్.

ఇలాంటి ఏర్పాటు కొత్తేమీ కాదు. 1917లో అమెరికా నౌకాదళం సంపన్నుల విహార పడవలను తీసుకుని, నంబర్లు వేసి తీరం కాపలాకు పంపింది. జలాంతర్గాములను వెతకడానికి మోటారు పడవ చాలునా అన్న అనుమానం అప్పుడే ఉండాల్సింది. యుద్ధం ముగిశాక చాలా పడవలు యజమానులకు తిరిగి వెళ్లిపోయాయి.

పద్మ, పలాశ్‌ల కథ అంత సాఫీగా ముగియలేదు. వాటిలో పనిచేసినవారిలో చాలామంది పాకిస్తాన్ నౌకాదళాన్ని వదిలి ముక్తివాహినిలో చేరిన బెంగాలీ నావికులు. భారత అధికారి కమాండర్ ఎం.ఎన్. సామంత్ నాయకత్వంలో, ఐఎన్ఎస్ పన్వేల్‌తో కలిసి డిసెంబరు 10న మోంగ్లా చేరి, అక్కణ్నుంచి ఖుల్నా వైపు సాగారు. పైనుంచి చూసే మన పైలట్లు పోల్చుకోవడానికి పడవల పైభాగాన పసుపు గుర్తు పెట్టారు. వైమానిక దళానికి సమాచారమూ ఇచ్చారు.

మధ్యాహ్నం విమానాలు వచ్చాయి. అవి మనవేనని, కాల్చవద్దని పడవల్లో ఉన్నవారికి ఆదేశం. పైనున్నవారికి మాత్రం కింద ఉన్నవి శత్రు పడవలుగానే కనిపించాయి. నౌకాదళం ఓడలకుండే ఆకారం ఈ పడవలకు లేదు, నదిలో పాకిస్తాన్ వాడుతున్న గన్‌బోట్లలో చాలావరకు ఇలా మార్చినవే. పద్మ, పలాశ్ రెండూ దెబ్బతిన్నాయి. పన్వేల్ తప్పించుకుంది.

పలాశ్ ఇంజిన్ గదిలో ఉన్న రూహుల్ అమీన్, పడవ వదిలేయమన్నా కదలలేదు. ఇంజిన్‌ను కాపాడాలని చివరిదాకా చూశారు. గాయాలతో ఒడ్డుకు చేరితే రజాకార్లు చంపేశారు (హైదరాబాద్ రజాకార్లు కాదు, పాక్ సైన్యానికి తోడుగా ఆ ఏడాదే పుట్టిన దళం).

సామంత్‌కు మహావీర చక్ర లభించింది. రూహుల్ అమీన్‌కు బంగ్లాదేశ్ తన అత్యున్నత శౌర్య పురస్కారం బీర్ శ్రేష్ఠ ఇచ్చింది. అది ఏడుగురికే దక్కింది. ఆయన సమాధి ఖుల్నా దగ్గర రూప్షా నది ఒడ్డున ఉంది.