మణికట్టు మీద మూడు వేళ్లు

రాత్రి ఎడమపక్కకు తిరిగి పడుకోగానే అమ్మ లేచి కూర్చునేది. "గుండె ఒక్కసారి జారినట్టయి, ఆ తర్వాత గట్టిగా తన్నిందిరా" అనేది. గ్యాస్ అన్నాం. వాము నీళ్లు తాగించాం. మిషన్ పెట్టి చూస్తే బీపీ బాగానే ఉండేది. ఒక రాత్రి ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. సాఫీగా నడుస్తున్న నాడిలో ఉన్నట్టుండి తొందరపడి ఒక దెబ్బ, ఆపైన చిన్న ఖాళీ, వెంటనే బలంగా ఇంకొకటి. అమ్మ చెప్పింది చెప్పినట్టే నా వేళ్లకు తగిలింది.

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. అందులో అప్పుడప్పుడు ఒకటి ముందే పడటం ఆరోగ్యవంతుల్లోనూ మామూలే. దానికి హడలిపోనక్కర్లేదు. అసలు సంగతి లెక్కలో ఉంది. కోపెన్‌హాగన్‌లో అంతకుముందు గుండెజబ్బు లేని 55-75 ఏళ్లవారికి హోల్టర్ (గుండె లయను గంటల తరబడి నమోదుచేసే చిన్న పరికరం) కట్టి, తర్వాత ఏళ్ల తరబడి గమనించారు. గుండె పైగదుల్లో పుట్టే ఈ అదనపు దెబ్బలు గంటకు 30, ఆపైన ఉన్నవారిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, పక్షవాతం ఎక్కువగా కనిపించాయి. ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిరల్లో పుట్టే ఇలాంటి దెబ్బలే ఫిబ్రిలేషన్‌ను రాజేస్తాయని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 1998లోనే చూపించారు.

ఫిబ్రిలేషన్ వస్తే పైగది ముడుచుకోదు, వణుకుతుంది. ఎడమ పైగదికి అంటుకుని ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. ఆ ముప్పు మిగతావారికంటే సుమారు 5 రెట్లు. సకాలంలో పట్టుకుంటే, అవసరమైనవారికి రక్తం పలచబరిచే మందులతో అందులో చాలా భాగాన్ని తప్పించవచ్చు. అందుకే ముందే తెలియాలి.

ఒకప్పుడు డాక్టరు మొదట నాడి పట్టేవారు. ఇప్పుడు మిషన్ అంకెలు చూపిస్తుంది, మనం అంకెలే చూస్తున్నాం. 30 ఏళ్లు దాటినవారికి ఊరూరా బీపీ, షుగరు చూస్తున్న ఆరోగ్య కార్యకర్తలు ఇంకొక్క నిమిషం నాడి కూడా పట్టాలి. కొత్త పరికరం కొననక్కర్లేదు, మూడు వేళ్లు చాలు. లయ తప్పినవారిని ఈసీజీకి పంపాలి. పది సెకన్ల ఈసీజీకి దొరక్కపోతే 24 గంటల హోల్టర్ కట్టాలి. లయను చెడగొట్టగల బీపీ, థైరాయిడ్, నిద్రలో గురక, మద్యం సంగతి కూడా అడగాలి.

అమ్మకు హోల్టర్‌లో అదనపు దెబ్బలు చాలానే తేలాయి. ఫిబ్రిలేషన్ లేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆమె నాడి పూర్తి నిమిషం లెక్కపెడతాను. మీ ఇంటి పెద్దవాళ్లకూ చూడండి. బొటనవేలితో వద్దు, దాని నాడి దానికుంది. దడతోపాటు స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా వాము నీళ్లు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.